డోర్నకల్ నుండి సెనేటు వరకు: తెలుగు వేదాంత విద్యలో పట్టాల ఆమోదం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వేదాంత కళాశాల ఒకటి కొత్త కోర్సు ప్రారంభించాలన్నా, ఉన్న కోర్సును పునర్వ్యవస్థీకరించాలన్నా, మొదట దాని పాలకమండలి తీర్మానం చేయాలి. ఆ తీర్మానం సెనేటుకు వెళ్తుంది. సెనేటు పంపిన పరిశీలకులు వచ్చి గ్రంథాలయం, అధ్యాపకుల అర్హతలు, ఆర్థిక స్థితి, విద్యార్థుల సంఖ్య చూసి నివేదిక ఇస్తారు. ఆ తరువాతనే ఆమోదం. మనలో అనేకులం ఇదంతా ప్రిన్సిపాలు గారి కార్యాలయానికి సంబంధించిన కాగితాల పని అని తలుస్తాం. నిజానికి సంఘకాపరి కాగోరువాడు ఏ భాషలో చదవాలి, ఎక్కడ నివసించి చదవాలి, ఎన్నేళ్లు చదవాలి, ఎవరికి ఆ తలుపు తెరచి ఉంటుంది, ఎవరికి మూసి ఉంటుంది అనే సంగతులు ఆ కాగితాలలోనే తేలిపోతాయి.

డోర్నకల్ ఈ చరిత్రకు మంచి సాక్షి. కాజీపేట – విజయవాడ రైలుమార్గంలో కొత్తగూడెం శాఖ చీలే ఈ జంక్షను ఒకప్పుడు నిజాం రాజ్యంలోను, తరువాత వరంగల్ జిల్లాలోను ఉండేది. 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇక్కడ పట్టా ఇవ్వని ఒక గురుశిక్షణ పాఠశాల పుట్టింది. ఆ పరంపర 1964లో పట్టా ఇచ్చే ఐక్య కళాశాలలో కలిసి, ఈ ఊరు విడిచింది. ఈ మార్పువల్ల తెలుగు సంఘం ఏమి పొందింది, ఏమి పోగొట్టుకొంది, దానినుండి నేటి పాలకమండలులు ఏమి నేర్చుకోవాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. పట్టా ఇచ్చే అధికారం ఎక్కడిది?

మన వేదాంత పట్టాల వంశావళి సెరంపూర్‌తో మొదలవుతుంది. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో అక్కడ కళాశాల స్థాపించారు. ఆ పట్టణం అప్పుడు డెన్మార్కు అధీనంలో ఉండేది. అందువలన 1827 ఫిబ్రవరి 23న డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ జారీచేసిన రాజశాసనం ద్వారా ఆ కళాశాలకు పట్టాలు ప్రదానం చేసే హక్కు లభించింది. 1845లో డెన్మార్కు ఈ స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి అమ్మినప్పుడు కూడా, కళాశాల హక్కులు కొనసాగేలా ఒప్పందంలో రాసుకున్నారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. అధికారం 1827లో వచ్చింది. మొదటి బి.డి. పట్టాలు 1915లో వచ్చాయి. అంటే ఎనభై ఎనిమిది సంవత్సరాలు ఆ శాసనం వాడకుండా ఉండిపోయింది. జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో 1910లో ఉన్నత వేదాంత తరగతులు పునఃప్రారంభమైన తరువాతనే దానికి జీవం వచ్చింది. తరువాత 1918లో బెంగాలు శాసనసభ సెరంపూర్ కళాశాల చట్టాన్ని చేసింది. పాలనకు కౌన్సిలు, విద్యావిషయాలకు సెనేటు అనే ఏర్పాటు బలపడింది. వేర్వేరు మిషనులకు చెందినవారు ఆ సెనేటులో కూర్చొని, దేశంలోని ఇతర వేదాంత కళాశాలలకు గుర్తింపు ఇచ్చే మార్గం ఏర్పడింది. నేడు తెలుగునాట సెరంపూర్ పట్టా పొందే ప్రతి విద్యార్థి ఈ 1827 శాసనం, 1918 చట్టం నీడలోనే చదువుతున్నాడు.

మరో సంగతి కూడా చెప్పాలి. కేరీ దేశభాషల మనిషి. ఆయన 1814లోనే తెలుగు వ్యాకరణం ఒకటి ప్రచురించాడు. అటువంటివారు స్థాపించిన కళాశాల పేరిట వచ్చిన ఉన్నత పట్టా అయిన బి.డి. మాత్రం ఇంగ్లీషులోనే స్థిరపడింది. ప్రాంతీయ భాషలలో చదివినవారికి ఎల్.టి.హెచ్. వంటి కింది మెట్టు మిగిలింది. ఈ మెట్ల తేడా తరువాతి చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

2. పట్టా లేని బిషపు, పట్టా ఇవ్వని పాఠశాల

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినా బి.ఏ. పట్టా పొందకుండానే బయటకు వచ్చారు. 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు భారతీయ మిషనెరీ సొసైటీని స్థాపించినప్పుడు దాని వెనుక ఉన్నవారిలో ఆయన ఒకరు. ఆ సొసైటీ మిషనెరీగా 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని ఇక్కడే స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషపుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు అయ్యారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు 1920లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చదివి తీసుకోవలసిన పట్టా చేతికి రాని మనిషికి, పరిచర్యను చూసి ఒక విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది.

డోర్నకల్ మేత్రాసనం మొదట చిన్నది. 1920ల ఆరంభంలో కృష్ణా ప్రాంతం మొదలైన తెలుగు క్షేత్రాలు కలిసి అది విశాలమైంది. మాల, మాదిగ పల్లెలనుండి గుంపులు గుంపులుగా ప్రజలు సంఘంలోకి వస్తున్న కాలమది. 1941 నాటికి ఆ మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1930ల మధ్య నాటికి సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఆ మేత్రాసనంలో పనిచేస్తున్నారు. ఇంతమందిని ఎక్కడ తయారుచేశారు? విదేశాల నుండి తెచ్చినవారు కారు. ఇంగ్లీషులో బి.డి. చదివించి తెచ్చినవారూ కారు. అత్యధికులు పల్లెలలో బడి చెప్పి, ప్రార్థన నడిపి, అనుభవం సంపాదించి, ఆ తరువాత డోర్నకల్ గురుశిక్షణ పాఠశాలకు వచ్చినవారు.

ఆ పాఠశాలకు మూడు లక్షణాలున్నాయి. మొదటిది, బోధన తెలుగులో. చదువు రాని సంఘానికి విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, సువార్త కథలు కంఠస్థం చేయించగలవాడు కావాలి కాబట్టి శిక్షణ కూడా ఆ పనికి తగినట్టుగా ఉండేది. పాట, భజన, కోలాటం వంటి పల్లె రూపాలను అజరయ్య గారు త్రోసివేయలేదు. వాటిని సువార్తకు వాడుకున్నారు. రెండవది, కుటుంబ శిక్షణ. గురుశిక్షణకు వచ్చినవారి భార్యలు కూడా చదువుకొనేవారు. అజరయ్య గారి సతీమణి అన్బు మరియమ్మాళ్ స్త్రీల పరిచర్యలో ముందు నిలిచారు. పల్లెలో పాదిరి గారి ఇల్లు ఎలా ఉంటే సంఘం అలా ఉంటుందన్న గ్రహింపు దీని వెనుక ఉంది. మూడవది, పాఠశాలకు, సంఘానికి మధ్య దూరం లేదు. బిషపు, కెథడ్రల్, బడులు, ముద్రణాలయం, గురుశిక్షణ అన్నీ ఒకే ప్రాంగణపు జీవితంలో భాగాలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన ఎపిఫనీ కెథడ్రల్ కట్టడంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి. స్థానిక జీవితంలోనుండి సంఘం పెరగాలన్న ఆ ఆలోచనే గురుశిక్షణలోనూ ఉండేది.

అయితే ఈ చిత్రాన్ని కేవలం పొగడ్తగా చూడరాదు. ఆ పాఠశాల ఇచ్చిన శిక్షణకు మేత్రాసనం వెలుపల విలువ తక్కువ. అందులో శిక్షణ పొందిన గురువు మరొక సంఘశాఖకు గాని, ఉన్నత విద్యకు గాని వెళ్లాలంటే చేతిలో చూపించవలసిన కాగితం లేదు. స్త్రీలు చదివినా అది భర్త పరిచర్యకు తోడుగా చదివిన చదువే. వారికి స్వంత పిలుపు, స్వంత పట్టా అన్న ఆలోచన అప్పటికి రాలేదు.

3. 1918 – నిజాం రాజ్యంలో భాషా ప్రశ్న

సెరంపూర్ చట్టం వచ్చిన 1918వ సంవత్సరంలోనే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడింది. పాశ్చాత్య శాస్త్రాలను దేశభాషలో బోధించాలన్న గొప్ప సంకల్పం దాని వెనుక ఉంది. ఆ భాష ఉర్దూ. దానికోసం ముందుగానే ఒక అనువాద విభాగాన్ని ఏర్పాటు చేసి పాఠ్యగ్రంథాలను తయారుచేశారు. కాని ఆ రాజ్యంలో అధికసంఖ్యాకుల ఇంటి భాష తెలుగు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో సముద్రతీర ప్రాంతంలో వచ్చింది. డోర్నకల్ దాని పరిధిలోనిది కాదు.

దీనిని మన విషయానికి అన్వయించి చూద్దాం. ఆ కాలంలో డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలోని దళిత క్రైస్తవ యువకుడికి ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, మిషను ఉత్తరాలలో ఇంగ్లీషు. రాజ్యపు పట్టా ఉర్దూలో ఉంది. వేదాంతపు ఉన్నత పట్టా ఇంగ్లీషులో ఉంది. తెలుగులో అతనికి దొరికింది డోర్నకల్ వంటి గురుశిక్షణ పాఠశాల మాత్రమే. ఉస్మానియా అనుభవం మనకొక పాఠం నేర్పుతుంది. దేశభాషలో పట్టా ఇవ్వాలంటే తీర్మానం ఒక్కటే చాలదు. తీర్మానానికి ముందే పుస్తకాలు సిద్ధం కావాలి. ఆ పాఠాన్ని తెలుగు వేదాంత విద్య ఇప్పటికీ పూర్తిగా నేర్చుకోలేదనే చెప్పాలి.

4. తాంబరం నుండి రాజమండ్రి వరకు

డోర్నకల్ ఒక్కటే కాదు. ప్రతి మిషనుకు ఒక సెమినరీ ఉండేది. అమెరికన్ బాప్టిస్టులు 1872లో రామపట్నంలో ప్రారంభించారు. ఆరేళ్ల తరువాత, కరవు ముగిసే కాలంలో, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది వద్ద ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, కొత్త సంఘాలకు బోధకులను సమకూర్చవలసిన భారం ఆ సెమినరీపైన పడింది. కెనడియన్ బాప్టిస్టులు 1882లో సామర్లకోటలో ఆరంభించిన శిక్షణ తరువాత కాకినాడ సెమినరీగా కొనసాగింది. లూథరన్లకు రాజమండ్రిలో లూథర్‌గిరి ఉంది. ఎవరి బడి వారిది, ఎవరి పాఠ్యప్రణాళిక వారిది. ఒక్కొక్క చోట అధ్యాపకులు ఇద్దరు ముగ్గురే ఉండేవారు. మిషనెరీ సెలవు మీద స్వదేశం వెళ్తే తరగతులు తగ్గిపోయేవి.

1938 డిసెంబరులో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనెరీ సభ, వేదాంత విద్య మొత్తం క్రైస్తవ పరిచర్యలోనే బలహీనమైన భాగాలలో ఒకటని తేల్చింది. దాని ఫలితంగా జాతీయ క్రైస్తవ కౌన్సిలు పక్షాన చార్లెస్ రాన్సన్ భారతదేశమంతటా వేదాంత విద్యపై పరిశీలన జరిపి 1945 ప్రాంతంలో నివేదిక వెలువరించారు. చిన్న చిన్న సెమినరీలు బలం లేక నలిగిపోతున్నాయని, ప్రాంతీయ భాషలవారీగా అవి ఏకం కావాలని ఆ నివేదిక సారాంశం. అదే సంవత్సరం జనవరి 1న బిషప్ అజరయ్య గారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. 1919లో తరంగంబాడిలో తాను అధ్యక్షత వహించిన సభలో ఏ సంఘైక్యతకు పునాది వేశారో, ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఆవిర్భవించింది. ఆయన దానిని చూడలేదు.

సంఘాలు ఏకమైనప్పుడు శిక్షణ విడివిడిగా ఉండడం కుదరదు. డోర్నకల్‌లోని గురుశిక్షణ తరువాతి రోజులలో ఆంధ్ర యూనియన్ వేదాంత కళాశాలగా కొనసాగింది. పేరులోని యూనియన్ అన్న మాటే అది ఒక్క మిషను పరిధి దాటిందని తెలుపుతుంది. 1957 చివర, 1958 ఆరంభంలో ఘనాలో జరిగిన అంతర్జాతీయ మిషనెరీ కౌన్సిలు సభలో నలభై లక్షల డాలర్లతో వేదాంత విద్యా నిధి ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు మరెవరో కాదు, భారతదేశ నివేదిక రాసిన రాన్సన్ గారే. ఆసియా, ఆఫ్రికా దేశాలలో గ్రంథాలయాలు, పాఠ్యగ్రంథాలు, అధ్యాపకుల ఉన్నత శిక్షణ ఆ నిధి దృష్టిలో ముఖ్యమయ్యాయి. ఐక్య కళాశాలలకు అనుకూలమైన గాలి వీచింది.

ఈ నేపథ్యంలో 1964లో డోర్నకల్, రామపట్నం, కాకినాడ, రాజమండ్రి సెమినరీలు నాలుగూ కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏర్పడ్డాయి. శిశు బాప్తిస్మం ఇచ్చే లూథరన్లు, సి.ఎస్.ఐ. వారు ఒకవైపు, విశ్వసించినవారికే బాప్తిస్మమనే బాప్టిస్టులు మరొకవైపు. వీరంతా ఒకే తరగతి గదిలో ఎలా కూర్చోగలిగారు? సెనేటు పాఠ్యప్రణాళిక దీనికి తోడ్పడిందని నా అభిప్రాయం. అది లూథరన్లదీ కాదు, బాప్టిస్టులదీ కాదు, బిషపులదీ కాదు. కాబట్టి ఒక సంఘం మరొక సంఘం ప్రణాళికకు తలవంచవలసిన అవసరం రాలేదు. బయటివారి ఆమోదం ఇంట్లోవారిని కలిపింది.

5. రాజమండ్రి నుండి హైదరాబాదుకు

1973లో కళాశాల హైదరాబాదుకు తరలింది. రాష్ట్ర రాజధాని, విశ్వవిద్యాలయం, పెద్ద గ్రంథాలయాలు, ఇతర విద్యావంతులతో సంబంధం – వేదాంత విద్యకు ఇవన్నీ అవసరమే. 1970లలో పాత నిబంధన పండితులైన విక్టర్ ప్రేమసాగర్ గారు దానికి ప్రిన్సిపాలుగా ఉన్నారు. తరువాత ఆయన మెదక్ బిషపుగా, సి.ఎస్.ఐ. మోడరేటరుగా సేవచేశారు. కళాశాల నాయకత్వం మిషనెరీల చేతినుండి తెలుగువారి చేతికి వచ్చిన కాలమది.

కాని ఐక్యతకు కొంత విఘాతం కూడా కలిగింది. కాకినాడలోను, రామపట్నంలోను బాప్టిస్టు సంఘాలు తమ శిక్షణను మరల కొనసాగించాయి. డోర్నకల్‌కు మాత్రం ఆ పాత స్థానం తిరిగి రాలేదు. పల్లెనుండి మేత్రాసన కేంద్రానికి, అక్కడనుండి పట్టణానికి, పట్టణంనుండి రాజధానికి శిక్షణ ప్రయాణం చేసింది. ప్రతి మెట్టులోను ప్రమాణాలు పెరిగాయి. ప్రతి మెట్టులోను పల్లె సంఘానికి దూరం కూడా పెరిగింది.

1970ల మధ్యలో జాతీయ క్రైస్తవ కౌన్సిలు వేదాంత విద్యా మండలి, సెనేటు కలిసి ఒకే మండలిగా ఏర్పడ్డాయి. అప్పటినుండి గుర్తింపు, పరీక్షలు, పాఠ్యప్రణాళిక, ఆమోదం అన్నీ ఒకే ద్వారం గుండా నడుస్తున్నాయి. 1970లో ఏర్పడిన ఆసియా వేదాంత సంఘం ద్వారా గుర్తింపు పొందే సెమినరీలు కూడా తెలుగునాట ఉన్నాయి. అక్కడ కూడా పాలకమండలి తీర్మానం, పరిశీలన, గుర్తింపు అన్న క్రమం మారదు.

6. ఆమోదం ఏమి ఇచ్చింది, ఏమి తీసుకొంది?

పాత డోర్నకల్‌ను తలచుకొని పట్టాలను చిన్నచూపు చూడడం కొందరికి అలవాటు. ఆ మాటను జాగ్రత్తగా తూచాలి. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన ఇంటినుండి వచ్చినవానికి పట్టా అంటే అలంకారం కాదు. ఊరిలో కుర్చీ ఇవ్వనివారి ఎదుట, మిషను బంగళా మెట్లమీద నిలబెట్టినవారి ఎదుట, నేను కూడా చదువుకున్నాను అని చెప్పగలిగే హక్కు అది. దళిత కాపరికి గ్రామ శిక్షణ చాలు, ఉన్నత వేదాంతం పైవారికి అనే ఆలోచన ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా, అది పాత వ్యవస్థనే కొత్త మాటలతో చెప్పడం అవుతుంది. ఈ దృష్టితో చూస్తే సెనేటు ఆమోదం ఒక న్యాయం.

స్త్రీల విషయంలో ఇది మరింత స్పష్టం. డోర్నకల్‌లో భర్తతోపాటు చదివిన స్త్రీకి గురుపట్టం లేదు. తరువాతి కాలంలో స్త్రీలు తమ పేరుతోనే వేదాంత కళాశాలలలో చేరి పట్టాలు పొందారు. సి.ఎస్.ఐ.లో 1976లో మొదటి స్త్రీ గురుపట్టం పొందారు. 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాల బిషపు అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషపు ఒక తెలుగు మేత్రాసనంలోనే అభిషేకం పొందడం మన చరిత్రలో గర్వించదగిన విషయం. పట్టా ఒక్కటే ఈ మార్పు తెచ్చిందని చెప్పలేం గాని, పట్టా లేకుండా అది జరిగేది కాదు.

అదే సమయంలో పోయినది కూడా లెక్కించాలి. భార్యాభర్తలకు కలిపి ఇచ్చే శిక్షణ పోయింది. సెనేటు పరీక్షలో దానికి మార్కులు లేవు కాబట్టి ప్రణాళికలో దానికి చోటు లేదు. కోలాటం, భజన, కథ చెప్పే పద్ధతి ఐచ్ఛికమైన పనులుగా మారాయి. తెలుగులో చదివే కోర్సు ఒక మెట్టు తక్కువ అన్న భావన విద్యార్థి మనసులో నాటుకుంది. తెలుగులో ప్రసంగించవలసినవాడు ఇంగ్లీషులో నోట్సు బట్టీపట్టి పరీక్ష రాసి, ఆదివారం నాడు సంఘం ఎదుట మాటలు వెతుక్కోవడం మనకు కొత్తకాదు.

పాఠ్యప్రణాళిక మారడానికి ఎంత కాలం పడుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. డోర్నకల్ మేత్రాసనం మొదటినుండి మాల, మాదిగ పల్లెల సంఘం. వారి బాధ, వారి విశ్వాసం ఆ పరిచర్యకు నిత్యానుభవం. అయినా దళిత వేదాంతం అనే మాట వేదాంత విద్యారంగంలో వినిపించింది 1980ల ఆరంభంలో, అరవింద్ నిర్మల్ గారి ప్రసంగం తరువాతనే. అది పట్టా కోర్సులలో పాఠ్యాంశంగా నిలదొక్కుకోవడానికి మరికొంత కాలం పట్టింది. పల్లె సంఘానికి డెబ్బై ఏళ్లుగా తెలిసినది తరగతి గదికి ఆలస్యంగా తెలిసింది. సెనేటులో ఎవరో అడ్డుపడ్డారని కాదు. పల్లెలో ఉన్నది ప్రణాళికగా రాసి, తీర్మానంగా చేసి, పైకి పంపవలసినవారు పంపలేదు. ఆమోద వ్యవస్థ తనంతట తానుగా కోర్సులను కనిపెట్టదు. కిందినుండి ఏమి వస్తే దానిని తూచుతుంది.

7. నేటి పాలకమండలులకు కొన్ని ప్రశ్నలు

వేదాంత కళాశాలల పాలకమండలులలో సంఘ ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు. ఈ వ్యాసం చదివే కాపరులలో కొందరు ఇప్పుడు ఉన్నారు, కొందరు రేపు ఉంటారు. కొత్త కోర్సు ప్రతిపాదన మీ ముందుకు వచ్చినప్పుడు గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలున్నాయి, డాక్టరేటు ఉన్న అధ్యాపకులెందరు అన్న ప్రశ్నలు సెనేటు పరిశీలకులు ఎలాగూ అడుగుతారు. వారు అడగనివి, సంఘం మాత్రమే అడగగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది: ఈ కోర్సును ఎవరు కోరారు? పాస్టరేటులు కోరాయా, మేత్రాసనాలు కోరాయా, లేక పొరుగు కళాశాలలో ఉంది కాబట్టి మనకూ కావాలనుకున్నామా?

రెండవది: తెలుగులో చదివేవారికి ఇందులో చోటుందా? ఉంటే ఏ పుస్తకాలు చదువుతారు? 1918కి ముందే ఉస్మానియావారు అనువాద విభాగం పెట్టుకున్నారు. మనం కోర్సుతోపాటు పాఠ్యగ్రంథ రచనకు కూడా బడ్జెటులో ఒక పద్దు రాస్తున్నామా?

మూడవది: విద్యార్థి కుటుంబం సంగతి ఏమిటి? భార్యాపిల్లలను పల్లెలో విడిచి నాలుగేళ్లు నగరంలో చదివి వచ్చినవాడు తిరిగి ఆ పల్లెలో ఇమడగలడా? భార్యకో, భర్తకో కూడా తోడుగా చదువుకొనే చిన్న కోర్సు ఒకటి ప్రతిపాదనలో చేర్చలేమా?

నాల్గవది: పునర్వ్యవస్థీకరణ పేరుతో ఏది తీసివేస్తున్నాం? కొత్తగా చేర్చిన పాఠాల పట్టిక ప్రతి ప్రతిపాదనలోను ఉంటుంది. తొలగించిన పాఠాల పట్టికను కూడా సభ్యులు అడిగి తెప్పించుకోవాలి. డోర్నకల్ పద్ధతులలో చాలాభాగం ఎవరూ వ్యతిరేకించి తీసివేసినవి కావు. కొత్త పట్టికలో వాటి పేరు లేకపోవడంవల్ల పోయినవి.

అయిదవది: ఇంతకుముందు ఆమోదం పొందిన కోర్సులో చదివినవారు ఇప్పుడు ఎక్కడ పరిచర్య చేస్తున్నారు? ఈ లెక్క కళాశాల దగ్గర లేకపోతే, మరో కోర్సుకు చేయి ఎత్తడానికి ముందు ఆ లెక్క తెమ్మని అడగడం సభ్యుని బాధ్యత.

ముగింపు

పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో, తాను అప్పగించినదానిని ఇతరులకు బోధించగల నమ్మకమైన మనుష్యులకు అప్పగించమని కోరాడు. వేదాంత విద్య అంతా ఆ అప్పగింతే. దానికి ప్రమాణం కావాలి, పరిశీలన కావాలి, పట్టా కూడా కావాలి. సెరంపూర్ శాసనం, 1918 చట్టం, 1964 ఐక్య కళాశాల ఆ దిశగా దేవుడు తెలుగు సంఘానికి ఇచ్చిన సాధనాలు. బి.ఏ. పట్టా లేని అజరయ్య గారు వందలాది గురువులను తయారుచేసిన మాట నిజమే. ఆ గురువుల మనుమలు, మనుమరాండ్రు పట్టాలు పొందడం ఆయన పనికి వ్యతిరేకం కాదు, దాని కొనసాగింపు.

అయితే శాసనం చేతిలో ఉన్నంత మాత్రాన విద్య నడవదని సెరంపూర్ ఎనభై ఎనిమిదేళ్ల నిశ్శబ్దం చెబుతోంది. సంఘంలోనుండి ప్రశ్న రాకపోతే సెనేటులోనుండి జవాబు రాదని దళిత వేదాంతపు ఆలస్యం చెబుతోంది. పాలకమండలి బల్లమీద తీర్మానపు కాగితం ఉంచినప్పుడు, డోర్నకల్ మేత్రాసనంలో ఏదో ఒక పల్లె ఆరాధనకు వచ్చే చదువురాని తల్లిని కూడా ఆ సభలో కూర్చున్నదానిగా ఎంచి మాట్లాడుదాం. ఈ కోర్సు చదివి వచ్చే కాపరి ఆమె భాషలో, ఆమె ఇంటి గడపలో వాక్యం చెప్పగలడా అన్నదానికి జవాబు దొరికితే, అప్పుడు ఆ తీర్మానం పైకి పంపడానికి తగినది.